మొదటి చందమామ మీద ఇరుక్కున్నవాళ్లు

ఇర్యా కెంప్పైనెన్ ఇరవై నాలుగేళ్లు కాగితంలో తప్పులు వెతికింది. ఉత్తరాది చలిదేశంలో కయానీ ఊళ్లో, నది ఒడ్డున ఉన్న కాగితపు మిల్లులో ఆమె ఉద్యోగం అదే. కాగితపు చుట్ట యంత్రం మీంచి దిగగానే చివర రెండు గజాలు కోసి, కింద దీపాలు వెలిగే బల్ల మీద పరిచి, చూపుడువేలు ఆనించి నెమ్మదిగా జరిపేది. చిల్లు, మచ్చ, మడత, పలచబడ్డ చోటు, ఏదీ ఆ వేలిని దాటిపోయేది కాదు. ఆమె సంతకం పెట్టందే చుట్ట లారీ ఎక్కేది కాదు. బయట డ్రైవర్లు హారన్లు మోగించినా, మేనేజరు వచ్చి నెత్తిన నిలబడ్డా ఆమె తలెత్తేది కాదు. "చూస్తున్నాను" అనేది, అంతే. మళ్లీ వేలు జరిపేది.

ఆమె గురించి మిల్లులో ఇప్పటికీ చెప్పుకునే ముచ్చట ఒకటుంది. హాంబుర్గులో ఒక అచ్చు యంత్రం మీద వీళ్ల కాగితం మాటిమాటికీ చిరిగిపోతోందని ఉత్తరాల మీద ఉత్తరాలు వచ్చాయి. ఆఫీసులో అందరూ ఆ యంత్రాన్నే తిట్టారు. ఇర్యా ఓడెక్కి వెళ్లింది. మూడు షిఫ్టులు ఆ యంత్రం పక్కనే నిలబడింది. మూడో రోజు ఆమెకు తప్పు దొరికింది. వాళ్లు చుట్టల్ని కాలవ వైపు కిటికీ దగ్గర పెడుతున్నారు, మిల్లులో చుట్టిన పై కవరు అంచు దాకా రావడంలేదు, ఆ జానెడు మేర తేమ పడుతోంది. తిరిగొచ్చి, "తప్పు మనదే, కవరు పొట్టిది" అని చెప్పింది. ఆ మాటకి ఆఫీసువాళ్లు నెల్లాళ్లు ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఫిర్యాదు చదివి ఊరుకుంటే లాభం లేదు, ఫిర్యాదు చేసినవాడి పక్కకి వెళ్లి నిలబడాలి అన్నది మాత్రం ఆమెకు అప్పుడే పట్టుబడింది.

తర్వాత మిల్లు మూతపడింది. ఊళ్లో సగంమంది మగవాళ్లు చేపల గాలాలు పట్టుకుని సరస్సు ఒడ్డున కూలబడ్డారు. ఇర్యా గోదాముల్లో పెట్టెలు మోసింది, బళ్లో అంట్లు తోమింది. ఆ తర్వాత తన వయసులో సగం కూడా లేని పిల్లల మధ్య కూర్చుని కంప్యూటర్ ఆటల్లో తప్పులు పట్టే చదువు చదివింది. మొదటి రోజు ఆమెను చూసి వాళ్లు పాఠం చెప్పడానికి వచ్చిన టీచరేమో అనుకున్నారట. రెండో వారానికల్లా తమ ఆటలు ఆమెకు చూపించడానికి భయపడ్డారు.

ఒత్సో అనే కుర్రవాడు ఆమెను పనిలోకి తీసుకున్నాడు. మూతపడిన చెప్పుల కొట్టు పైనున్న రెండు గదులే వాళ్ల స్టూడియో. ఉన్నది ఐదుగురు. తలపెట్టింది మాత్రం యాభైమంది చేసే పని. తకామా అనే అంతరిక్షపు ఆట. నలభై చందమామలు, వాటి మీద మూడువందల పన్నెండు మంది మనుషులు. ఆడేవాడు ఒక పాత ఓడలో నీటి పంపులు బాగుచేస్తూ చందమామ నుంచి చందమామకు తిరుగుతాడు. ఎటు పోవాలో, ఎవరితో స్నేహం చేయాలో, ఎవరికి అబద్ధం చెప్పాలో అంతా వాడిష్టం. మాటలన్నీ వెన్లా రాసింది. ముప్ఫై దాటిన మనిషి, ముభావి, తన వాక్యంలో కామా జరిపినా మూడు రోజులు అలిగే రకం. ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లలో ఇర్యా ఆ ఆటను మొదటి నుంచి చివరి దాకా ఎన్నిసార్లు ఆడిందో ఆమెకే లెక్క లేదు. మే నెల చివరి మంగళవారం ఆమె సరేనంది. ఒత్సో ఆటను లోకం మీదికి వదిలాడు.

గురువారానికల్లా లోకం తిరిగి వాళ్ల మీదికి వచ్చింది.

ఆడినవాళ్లు రాసే అభిప్రాయాలు ఆట కింద వరసగా పడుతుంటాయి, బాగుందన్నవాళ్లు నూటికి ఎందరో పైన ఒక అంకె కనిపిస్తుంది. తకామా అంకె ఇరవై తొమ్మిది. అలాంటి అంకె చూసినవాడు ఆటను ముట్టుకోడు. "తలుపు దగ్గర ఒక శవం నిలబడి ఉంది, దాని పేరు ఆర్మస్" అని ఒకడు రాశాడు. "ఆర్మస్‌ని ఒక ప్రశ్న అడిగితే బిగుసుకుపోతాడు, తర్వాత కారణం లేకుండా కోపగించి తలుపేసుకుంటాడు. నలభై చందమామలని చెప్పి ఒక్క తలుపు అమ్మారు" అని ఇంకొకడు. ఆర్మస్ మొదటి చందమామ మీద పంపుల కాపరి. అతను దారి చెబితేనే ఓడ కదులుతుంది. జనం వేలకు వేలు అక్కడే ఇరుక్కుపోయారు. వెన్లా ఆరేళ్లు రాసిన మిగతా మూడువందల పదకొండు మందిని చూసినవాళ్లు దాదాపు లేరు.

ఒత్సో పది రోజులు ఆటలోపలి లెక్కలన్నీ తిరగేశాడు. ఆర్మస్ బిగుసుకుపోవడానికి ఎక్కడా కారణం దొరకలేదు. ఆ గదిలో ఎవరు ఆడినా ఆర్మస్ చక్కగా మాట్లాడాడు. ఇర్యా తన యంత్రం మీద ఆడింది, ఇంటి దగ్గర ఆడింది, చెల్లెలి పాత కంప్యూటర్ మీద కూడా ఆడింది. ప్రతిసారీ ఆర్మస్ దారి చెప్పాడు, ఓడ లేచింది.

పదకొండో రోజు పొద్దున ఒత్సో అందరినీ కూర్చోబెట్టాడు. కళ్లు లోతుకు పోయి, గడ్డం మాసి ఉన్నాడు.

"యూహన్నుస్ ముందురోజు మధ్యాహ్నం పన్నెండు దాకా చూస్తాను" అన్నాడు. ఆ ఊళ్లో ఏ సంగతి తేలాలన్నా ఆ నడివేసవి పండక్కి ముందే తేలాలి. ఆ తర్వాత ఊరంతా సరస్సుల దగ్గరికి పోతుంది, ఆగస్టు దాకా ఎవరూ దొరకరు. "అప్పటికి అంకె యాభైకి రాకపోతే ఆటను తీసేస్తాను. విరిగిపోయిన వస్తువుని జనం ముందు పెట్టుకుని కూర్చోలేను, సిగ్గేస్తోంది."

"విరగలేదు" అంది వెన్లా.

"వేలమంది విరిగిందంటున్నారు."

"మరి చూపించు, ఎక్కడ విరిగింది?"

"అదే కదా నా ఏడుపు. చూపించలేకపోతున్నాను."

ఇరవై నాలుగేళ్లలో ఇర్యా చేతిమీదుగా చిల్లున్న చుట్ట ఒక్కటి బయటికి పోలేదు. ఇప్పుడు తను సంతకం పెట్టి పంపిన ఆటను లోకమంతా విరిగిందంటుంటే, ఆ విరుపు తన కంటికే కనిపించడం లేదు. తలెత్తి నడవడానికి ఆమెకు అవమానంగా ఉంది. అంతకు మించి ఒళ్లు మండుతోంది, అదీ ఎవరి మీదో కాదు, తన మీదే.

ఆ రోజు నుంచి ఆమె అభిప్రాయాలన్నిటినీ చదవడం మొదలుపెట్టింది. నచ్చినవీ నచ్చనివీ, బూతులూ, వెటకారాలూ, ఏదీ వదలకుండా. ఎవరెవరు ఏ మాట దగ్గర ఆగిపోయారో గళ్ల పుస్తకంలో రాసుకుంది. ఒత్సో ఆమె భుజం మీదుగా చూసి, "అవి చదివితే నిద్ర పట్టదు ఇర్యా, వదిలెయ్" అన్నాడు.

"నాకు నిద్ర బాగానే పడుతుంది. నువ్వు వెళ్లి స్నానం చెయ్."

మూడో రోజుకి ఒక సంగతి తేలింది. ఆర్మస్ దగ్గర ఆగకుండా ముందుకు పోయినవాళ్లు కొద్దిమంది ఉన్నారు. వాళ్లలో సగానికి సగం తమ దేశంవాళ్లే. మిగతావాళ్లు ఉత్తర స్వీడన్‌లోనో, ఎస్తోనియాలోనో ఉంటారు. ఎందుకో ఆమెకు బోధపడలేదు. అందుకే హాంబుర్గులో చేసిన పనే చేయాలనుకుంది. అందరికంటే ఘాటుగా రాసినవాడెవడా అని వెతికి, ఆర్మస్‌ని శవమన్నవాడిని పట్టుకుంది. పేరు ఫిర్మీనో, పోర్చుగల్‌లో సెతూబల్ ఊళ్లో సిటీ బస్సు నడుపుతాడు. అతనికి ఉత్తరం రాసింది. అచ్చు యంత్రాలవాళ్లతో మాట్లాడి నేర్చుకున్న ముక్కల ఇంగ్లీషులో, నాలుగే వాక్యాలు. ఆట చూసి తప్పు లేదని చెప్పింది తనే. అతను తప్పుందంటున్నాడు. అతను ఆడుతుండగా పక్కన కూర్చుని చూడాలనుంది. ఎప్పుడు వీలు?

ఫిర్మీనో క్షమాపణ ఉత్తరం వస్తుందనుకున్నాడో, లాయరు నోటీసు వస్తుందనుకున్నాడో గాని, ఇది మాత్రం అనుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ దిగి నేరుగా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఇర్యా తెర మీద ఒక పక్క అతని ఆట, ఇంకో పక్క అతని ముఖం, చేతులు. లావుపాటి మనిషి, గుబురు మీసం, ఇంకా బస్సు చొక్కాలోనే ఉన్నాడు.

"డోనా ఇర్యా" అన్నాడు, వాళ్ల భాషలో అమ్మగారూ అన్నట్టు. "ముందే చెబుతున్నాను, నేను మంచిగా మాట్లాడేవాణ్ని కాను."

"అక్కర్లేదు. ఆడండి. నేను లేననుకోండి."

అతను ఆడాడు. ఓడ దిగాడు, మంచులో నడిచాడు, తలుపు తట్టాడు. ఆర్మస్ తలుపు తీశాడు. తెర మీద ఫిర్మీనో ఎంచుకున్న ప్రశ్న పడింది: ఇక్కణ్ణించి పైకి పోవడానికి దారి చెబుతావా?

ఆర్మస్ అతని వంక చూశాడు. ఇర్యా కూడా చూస్తోంది. ఆమెకు ఇక్కడ ఎప్పుడూ మనసుకు హాయిగా ఉంటుంది. అడిగిన ప్రశ్న చిన్నది కాదు. ఆర్మస్ ఆ దారిలో తన తమ్ముణ్ని పోగొట్టుకున్నాడు. కాసేపు ఆలోచించుకోకుండా ఎలా చెబుతాడు?

ఫిర్మీనో బొటనవేలు మాటను ముందుకు తోసే బటన్ నొక్కింది. ఒకసారి. మళ్లీ. మళ్లీ రెండుసార్లు టకటకా. ఆర్మస్ ముఖం ముడుచుకుంది. "తొందరగా ఉన్నవాడికి దారెందుకు" అని తలుపేసుకున్నాడు.

"చూశారా? చూశారా మీరు? అదే మరి."

ఇర్యా తెర దగ్గరికి వంగింది. "ఎందుకు నొక్కారు?"

"ఏం నొక్కాను?"

"బటన్. నాలుగుసార్లు నొక్కారు. ఎందుకు?"

"అతను మాట్లాడ్డం లేదు కదా."

"ఆలోచిస్తున్నాడు."

ఫిర్మీనో ఆమె వంక తేరిపార చూశాడు. "ఆలోచిస్తున్నాడా? అమ్మా, పదకొండు సెకన్లు. నేను లెక్కపెట్టాను. మా ఊళ్లో ఒక మనిషి పదకొండు సెకన్లు మాట్లాడకపోతే అంబులెన్సుకి ఫోన్ చేస్తాం."

ఇర్యా వెనక్కి ఆనుకుంది. ఆమెకు నవ్వొచ్చింది. తప్పు దొరికింది. ఆట రాసినట్టే నడుస్తోంది, కాబట్టి ఒత్సోకు ఎన్ని రోజులు వెతికినా దొరకదు. అవతలి మనిషి ఆలోచిస్తుంటే మధ్యలో మాట తోస్తే ఆ మనిషి నొచ్చుకుంటాడని వెన్లా రాసింది. కావాలని మొరటుగా ఆడేవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటది. కయానీలో ఆడి చూసిన ఐదుగురిలో ఒక్కరికీ ఆ బటన్ మధ్యలో నొక్కాలని తోచలేదు. ఆరేళ్లూ ఎవరూ నొక్కలేదు. అందరికీ ఆ నిశ్శబ్దం పక్కింటి పెద్దాయన మౌనం లాగే ఉంది.

"మీరు చాలా మేలు చేశారు" అంది ఇర్యా. "తప్పు మాదే."

"నేను మంచిగా రాయలేదని మీకు కోపం లేదా?"

"ఉంది. కాని మీరు చెప్పింది నిజం. ఒక్కటి అడుగుతాను. మళ్లీ ఒకసారి ఆడి, ఈసారి నొక్కకుండా ఉండగలరా?"

అతను ప్రయత్నించాడు. ఆరు సెకన్లకు బొటనవేలు దానంతటదే కదిలింది. చెయ్యి కిందికి దించుకుని కూర్చుని కూడా ప్రయత్నించాడు. తొమ్మిదో సెకనుకు, "కుదరదు డోనా ఇర్యా, నాకు ఊపిరాడ్డం లేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున ఇర్యా ఆ దృశ్యమంతా స్టూడియోలో అందరికీ వేసి చూపించింది. ఒత్సో చేతులతో ముఖం కప్పుకున్నాడు. తర్వాత నవ్వాడు, అది ఏడుపులాగా వినిపించింది.

"అయితే సుళువే. మౌనం తీసేద్దాం. అడగ్గానే జవాబు" అన్నాడు.

వెన్లా ముఖం ఎర్రబడింది. "అప్పుడు వాళ్లు మనుషులు కారు, టికెట్ యంత్రాలు. తీసేయాలంటే ఆటనే తీసెయ్. నా పేరు కూడా తీసెయ్."

"నీ పేరు గురించి కాదు వెన్లా ఇప్పుడు గొడవ."

"మరి దేని గురించి? ఈ ఆటలో ఇంకేముంది? రాళ్లూ మంచూ ఎవడైనా గీస్తాడు. మనవాళ్లు జవాబు చెప్పేముందు ఆలోచిస్తారు, అదే మన ఆట."

"ఆడేవాడికి ఊపిరాడ్డం లేదంటున్నాడు విన్లేదా?"

"వాడు నేర్చుకోవాలి."

"నువ్వు నేర్పుతావా, ఒక్కొక్కడింటికీ వెళ్లి?"

ఇర్యా బల్ల మీద అరచెయ్యి పెట్టింది. కొట్టలేదు, పెట్టింది, అంతే. ఇద్దరూ ఆగారు.

"కాగితం చిరిగితే యంత్రాన్ని తిట్టకూడదు" అంది. "కాగితం మానేయడం కూడా అంతే తెలివితక్కువ. మనం కవరు పొట్టిగా చుట్టాం. ఆర్మస్ ఆలోచిస్తున్నాడని మనకు తెలుసు. చూసేవాడికి ఎలా తెలుస్తుంది? వాడి కళ్లకి రాయిలా నిలబడ్డ బొమ్మే కనిపిస్తోంది. మనవాళ్లు నిజంగా రాళ్లలా నిలబడతారా? నేను ఏదైనా అడిగితే ఒత్సో ముక్కు గోక్కుంటాడు. వెన్లా కళ్లజోడు తీసి తుడుస్తుంది, మచ్చ లేకపోయినా. ఇంట్లో అయితే కాఫీ పోస్తాం. కాఫీ వంపుతున్న మనిషిని పట్టుకుని తొందరపెట్టేవాడు ఏ దేశంలోనైనా ఉన్నాడా?"

వెన్లా కళ్లజోడు తీసింది. అది గమనించి మళ్లీ పెట్టుకుంది.

"అందరికీ తలా ఒక పని ఇవ్వాలి" అంది ఇర్యా. "ఆలోచన కంటికి కనబడాలి. ఇంకొకటి. ఎవడైనా తెలియక బటన్ నొక్కితే అలిగి తలుపేసుకోవడం వద్దు. చెయ్యెత్తి ‘ఉండు’ అంటే చాలు. మరీ మొరటుగా పదిసార్లు నొక్కితే అప్పుడు వేసుకోనీ తలుపు."

ఒత్సో వేళ్లు మడిచి లెక్కవేశాడు. "ఒక్క ఆర్మస్ కాదు ఇర్యా. మూడువందల పన్నెండు మంది. పది రోజులుంది. ఉన్నది మనం ఐదుగురం."

"అయితే రోజుకు ముప్ఫై ఒక్కమంది. చివరిరోజు ఇద్దరు ఎక్కువ. లే."

ఆ రోజుల్లో ఇర్యాను చూసినవాళ్లు మిల్లు రోజులు మళ్లీ వచ్చాయన్నారు. మాట పెంచలేదు, గొంతు లేపలేదు, పట్టు మాత్రం విడవలేదు. ఆలోచించే మనుషుల బొమ్మలు కావాలంటే ఆలోచించే మనుషులు కావాలని, మిల్లు కాలం నాటి స్నేహితుల్ని పిలిచింది. రెండోరోజే పద్దెనిమిది మంది చెప్పుల కొట్టు మెట్లెక్కారు. ఒకరు రొట్టెలు తెచ్చారు, ఒకరు ఉప్పుచేపలు తెచ్చారు, ఎందుకు పిలిచావని ఎవరూ అడగలేదు. ఒక్కొక్కరినీ కెమెరా ముందు కూర్చోబెట్టి వెన్లా ఒకే ప్రశ్న అడిగింది: నీ జీవితంలో నువ్వు చేసిన పెద్ద తప్పేమిటి? వాళ్లకు కావలసింది జవాబు కాదు, జవాబుకు ముందున్నది.

క్రేన్ నడిపిన కలెర్వో ఫ్లాస్కు మూత నెమ్మదిగా తిప్పి, కప్పులో కాఫీ పోసి, తాగకుండా దానివంకే చూస్తూ ఇరవై రెండు సెకన్లు కూర్చున్నాడు. తర్వాత, "నీకెందుకు?" అన్నాడు. గది గదంతా పడీపడీ నవ్వింది. ఆ ఫ్లాస్కు ఆర్మస్‌కి వెళ్లింది. ఒకామె చేతిసంచిలో ఏదో వెతికింది, ఒకాయన టోపీ తీసి లోపల రాసిన తన పేరు చదువుకున్నాడు. ఇంకొకావిడ ప్రశ్న విని కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది, కళ్లు తుడుచుకుని వచ్చి కూర్చుని, "ఇది చూపించకండి" అంది. వెన్లా ఆమె ముందే దాన్ని చెరిపేసింది. వెన్లా మనసు ఆ రోజు నుంచి మారింది. ఒత్సోతో సూటిగా మాట్లాడటం మొదలుపెట్టింది, కామాల మీద అలగడం కూడా తగ్గింది.

మధ్యలో ఒకరోజు ఒత్సో చేతులెత్తేశాడు. నూటయాభై మంది అయ్యారు, మిగతావాళ్లను ఎలా ఉన్నవాళ్లను అలా వదిలేద్దామన్నాడు. ఎవడూ అంతదూరం పోడు కదా అన్నాడు.

"నేను పోతాను" అంది ఇర్యా.

"నువ్వు కాదు, ఆడేవాళ్లు."

"చుట్టలో లోపలి పొర ఎవరూ చూడరని వదిలేస్తామా? అచ్చయ్యేది అదీను. కుర్చీ దగ్గరికి జరుపు."

గడువుకి రెండు రోజుల ముందు, బుధవారం మధ్యాహ్నం, మూడువందల పన్నెండో మనిషి తలగోక్కున్నాడు. ఒత్సో సరిచేసిన ఆటను వదిలాడు. ఏం తప్పు జరిగిందో ఇర్యా చేత రాయించారు. ఆమె ఆరు వాక్యాలు రాసింది. "మావాళ్లు జవాబు చెప్పేముందు ఆలోచిస్తారు. ఆ సంగతి మీకు చెప్పాలని మాకు తట్టలేదు. ఆటను చూసి సరేనన్నది నేను, పొరపాటు నాది" అని అందులో ఉంది. కింద పూర్తి పేరు పెట్టింది. పేరెందుకని ఒత్సో అంటే, మిల్లులో చుట్ట మీద కూడా పేరే ఉండేదంది.

అంకె కదిలింది. గురువారం పొద్దునకు ముప్ఫై అయిదు, సాయంత్రానికి నలభై ఒకటి. పాత అభిప్రాయాలు మార్చుకున్నవాళ్లు కొందరు, కొత్తగా వచ్చినవాళ్లు కొందరు. తిట్టినవాళ్లు ఇప్పటికీ తిడుతున్నారు, కాని ఇప్పుడు తిట్లు వేరు. పదిహేడో చందమామ మీద పంపు ధర అన్యాయమని ఒకడు, ఓడ మలుపు తిరగడంలేదని ఒకడు. ఆ తిట్లు చదివి వెన్లా కళ్లనీళ్లు పెట్టుకుంది. పదిహేడో చందమామ దాకా ఒక మనిషి వెళ్లాడని ఆమెకు అప్పుడే తెలిసింది.

శుక్రవారం పొద్దున ఊరు ఖాళీ అవుతోంది. కార్ల మీద పడవలు, వెనక సీట్లలో కుక్కలు. ఇర్యాకు చెల్లెలు ఫోన్ మీద ఫోన్ చేస్తోంది, సరస్సు దగ్గర ఆవిరిస్నానం పొయ్యి వేడెక్కింది ఎప్పుడొస్తావని. పదకొండు గంటలకు అంకె నలభై ఆరు. తొమ్మిదింటికి కూడా నలభై ఆరే.

ఒత్సో ముందు తెర మీద ఆటను తీసేసే ప్రకటన సిద్ధంగా ఉంది. అతను రాత్రే రాసి పెట్టుకున్నాడు. "నాలుగు తక్కువ" అన్నాడు. "గంటలో నాలుగు రావు. నాకు లెక్కలు వచ్చు."

యాభై ఎనిమిదేళ్ల వయసులో రెండోసారి తన పని మూతపడుతోందని ఇర్యాకు తెలుసు. మొదటిసారి ఎవరో ఎక్కడో నిర్ణయించారు, గేటుకు కాగితం అంటించారు, ఆమె ఊరుకుంది. ఈసారి ఊరుకోదలచుకోలేదు.

"పన్నెండు దాకా అన్నావు" అంది. "ఈ గంట నాది. ఇటు వచ్చి కూర్చో."

"ఏం చేస్తావు?"

"నేను కాదు, నువ్వు. ఆరేళ్ల నుంచి అంకెలు చూస్తున్నావు. ఒక మనిషి ఆడుతుండగా ఎప్పుడైనా చూశావా?"

ఫిర్మీనో అప్పటికే తెర మీద ఉన్నాడు. పొద్దునే రమ్మని ఇర్యా ముందురోజే అతన్ని అడిగింది. పన్నెండు గంటల సంగతి అతనికి చెప్పలేదు. ఒత్సోని చూసి, "ఓ, తలుపు చేసినాయన ఈయనేనా" అన్నాడు. ఒత్సో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఫిర్మీనో మొదటి నుంచి ఆడాడు. మంచులో నడిచాడు, తట్టాడు, అడిగాడు. ఆర్మస్ అతని వంక చూసి, ఫ్లాస్కు మూత తిప్పసాగాడు. ఫిర్మీనో బొటనవేలు లేచింది. ఒత్సో చెయ్యి కుర్చీ అంచుని పట్టుకుంది. కాఫీ కప్పులో పడుతోంది, ఆవిరి లేస్తోంది. బొటనవేలు గాల్లోనే ఉండి, మెల్లగా కిందికి దిగింది. "దారి చెప్తాను, ముందు కూర్చో" అన్నాడు ఆర్మస్.

ఫిర్మీనో బిగ్గరగా నవ్వి, తన భార్యను పిలిచాడు. ఆమె వచ్చి ఏదో గలగలా మాట్లాడబోతే, "ఉండవే, ఇక్కడ మనుషులు ఆలోచిస్తున్నారు" అన్నాడు. ఆమె మొగుణ్ని ఎగాదిగా చూసి, ముప్ఫై ఏళ్ల నుంచి తను ఆలోచిస్తుంటే ఒక్కనాడూ ఉండలేదని అంది. అయినా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఓడ లేచింది. రెండో చందమామ మీద అతను తప్పుడు పంపు విప్పి ఊరంతా నీళ్లు చేశాడు, చీవాట్లు తిన్నాడు. మూడోదాని మీద వలలు బాగుచేసే ముసలామెను, ఇక్కడ ఒంటరిగా ఎందుకున్నావని అడిగాడు. ఆమె సూదిలో దారం ఎక్కించుకుంటూ ఉండిపోయింది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ నోరెత్తకుండా ఎదురుచూశారు. ఒత్సోకు ఆ ముసలామె జవాబు కంఠతా వచ్చు. అయినా అతనూ ఎదురుచూశాడు. ఆమె చెప్పింది విని సెతూబల్‌లో బస్సు డ్రైవరు మీసం నిమురుకుని, కాసేపు ఆట ఆడలేదు.

తర్వాత అతను దారుల పటం తెరిచి ఒక్కో చందమామా తిప్పి చూశాడు. చిట్టచివరి దానికి దారి గీసి లేదు. దాని మనుషులు సిద్ధమే గాని, దారి తర్వాత తెరుద్దామని వీళ్లు మే నెలలోనే వదిలేశారు.

"ఇది ఎప్పుడు తెరుస్తారు?" అన్నాడు ఫిర్మీనో.

"ఆగస్టులో" అన్నాడు ఒత్సో.

ఒక్క క్షణం కూడా ఆగకుండా అన్నాడు. అన్న తర్వాత తనేమన్నాడో అతనికే తెలిసింది.

"ఆగస్టులో పొద్దుటి బస్సు నాదే, సాయంత్రాలు ఖాళీ" అన్నాడు ఫిర్మీనో. "అప్పటికి మిగతావి చూసేసి ఉంటాను. ఇప్పుడు డ్యూటీకి వేళైంది డోనా ఇర్యా, వెళ్లొస్తాను." తెర ఖాళీ అయింది.

ఒత్సో గోడ గడియారం వంక చూశాడు. ఒంటిగంటకు పది నిమిషాలు. ఇర్యా వైపు తిరిగాడు.

"పన్నెండైనప్పుడు చెప్పలేదేం?"

"నువ్వు చూస్తున్నావు కదా" అంది ఇర్యా.

అతను తన కుర్చీలోకి వెళ్లి, రాసి పెట్టుకున్న ప్రకటనను మొదటి మాట నుంచి చివరి మాట దాకా చెరిపేశాడు. ఇర్యా ఇక ఆపుకోలేక ఏడ్చేసింది, దాచుకోనూ లేదు. వెన్లా వచ్చి ఆమె పక్కన నిలబడింది. పైన అంకె నలభై ఆరు దగ్గరే ఉంది.